రెప్పపాటు కరెంటు

ఆ శుక్రవారం మా ఇంట్లో ఏదీ కాలిపోలేదు, ఎవరూ ఏడవలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మూడేళ్లలో మా ఇంట్లో సరిగ్గా ముగిసిన పని అదొక్కటే. దాన్ని దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు.

నా పేరు జ్ఞానరాజు. మాది ఓర్వకల్లు పక్కన పల్లె. ముప్పై ఏళ్లు బోరు మోటార్లకు రాగి తీగ చుట్టి బతికాను. నా భార్య విశ్వాసమ్మ మూడేళ్ల కింద పోయింది. ఇంట్లో నేనూ, మా కూతురు జీవితా. జీవితకు ఇరవై ఆరేళ్లు.

జీవిత కంప్యూటర్ ఆటలు తయారుచేస్తుంది. ఆడడం కాదు, తయారుచేయడం. ఆ తేడా నాకు ఏడాదిపాటు చెప్పింది. నేను ఏడాదిపాటు వినలేదు. మా రాళ్ల గుట్టల మధ్య మోటార్ సైకిల్ తోలే ఆట ఒకటి సొంతంగా చేసింది. బెంగళూరులో ఒక కంపెనీ వాళ్లు అది చూసి పిలిచారు. ఇంటి నుంచే చేసే ఉద్యోగం. కాబట్టి పరీక్ష కూడా ఇంటి నుంచే పెడతామన్నారు. వీడియో కాల్‌లో వాళ్లు చూస్తూ ఉంటే ఆట నడపాలి, వాళ్లు చెప్పిన మార్పులు అప్పటికప్పుడు చేసి చూపించాలి.

పోయిన నెల ఒకసారి చూపించింది. ఓడింది. తప్పు ఆమెది కాదు, మిషన్‌ది. పాత ల్యాప్‌టాప్ చచ్చిపోయాక కర్నూలులో ఎవరో వాడి వదిలేసింది తెచ్చుకుంది. రెండు చేతుల్లో పట్టుకుని ఆడుకునే బొమ్మలాంటి మిషన్ అది. పలక వెడల్పు ఉంటుంది, అటూ ఇటూ బొత్తాలు. లోపల మాత్రం పూర్తి కంప్యూటరే. దానికే కీబోర్డు, పెద్ద తెర తగిలించి పని చేసుకుంటుంది. ఆట తయారుచేయడానికి అది చాలింది. నడపడానికి చాలలేదు. గుట్టలు, ఎండ, దుమ్ము అన్నీ ఒకేసారి తెర మీదికి వచ్చేసరికి బండి నత్తలా కదిలింది. కంపెనీ వాళ్లు మర్యాదగానే అన్నారట, "ఏర్పాటు చేసుకుని ఇంకొక్కసారి రండి, ఇదే ఆఖరు" అని.

ఆ ఆఖరుసారి శుక్రవారం ఉదయం పదిన్నరకు.

నా బావమరిది ఏసేపు కడపలో ఉంటాడు. అక్కడ ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ పని ఖాళీ ఉందనీ, జీవితను సోమవారం వచ్చి చేరమనీ ఫోన్ చేశాడు. నేను సరే అన్నాను. జీవితను అడగలేదు. శుక్రవారం పరీక్ష పోతే ఆదివారం కడప బస్సు ఎక్కాలి. పెట్టె సర్దుకోమని కూడా చెప్పాను. సర్దుకుంది. నాతో మాట్లాడకుండా సర్దుకుంది.

గురువారం మధ్యాహ్నం సమీరా వచ్చింది. జీవితతో డిగ్రీ చదివిన పిల్ల, కర్నూలులో కంప్యూటర్లు రిపేరు చేసే షాపు నడుపుతుంది. స్కూటీ కాళ్ల దగ్గర అట్టపెట్టె పెట్టుకుని, గుంతల్లో కాలు ఆనిస్తూ జాగ్రత్తగా తెచ్చింది. పెట్టెలోంచి ఒక ఇనుప స్టాండు, మూడు ఫ్యాన్లున్న ఇటుకంత కార్డు, ఇంకో ఇనుప డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేందమ్మా, గ్రైండరు మోటారా?" అన్నాను.

"గ్రాఫిక్స్ కార్డు అంకుల్. తెర మీద బొమ్మలు గీసేది ఇదే. పెద్ద కంప్యూటర్లలో లోపలుంటాది. జీవిత మిషన్‌లో యాడ పడ్తాది ఇంత లావుది? అందుకని బయట పెట్టి కేబుల్‌తో కలుపుతాం. ఈ స్టాండును డాక్ అంటారు."

"అంటే చిన్న బండికి పెద్ద ఇంజను బయట కట్టినట్టు."

"కట్టినట్టే. కాకుంటే ఈ ఇంజనుకు డీజిలు వేరే పోయాల." ఇనుప డబ్బా మీద తట్టింది. "ఇది కార్డుకు కరెంటిచ్చే సప్లై. ముందు ఇది ఆన్ చేయాల. తర్వాతే మిషన్. మధ్యలో కేబుల్ కదిలినా, దీనికి కరెంటు పోయినా మిషన్ బిగుసుకుపోతాది. మళ్లా మొదట్నుంచి."

"ఎంతసేపు?"

"నాలుగైదు నిమిషాలు."

"వాళ్ల ముందర నాలుగు నిమిషాలు నల్లతెర చూపిస్తే ఇంగ అంతే నాయనా" అంది జీవిత. రెండు రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట.

కేబుల్ తగిలించి ఆన్ చేశారు. తెర మూలన ఒక అంకె ఉంటుంది. సెకనుకు ఎన్ని బొమ్మలు మారుతున్నాయో ఆ అంకె చెబుతుంది. ఎంత ఎక్కువైతే ఆట అంత సాఫీగా కదులుతుంది. అంతకుముందు పంతొమ్మిది ఉండేది. డెబ్బై రెండుకు పోయింది. గుట్టల మీద ఎండ జరిగింది. బండి వెనక దుమ్ము నిజం దుమ్ములా లేచి పడింది. జీవిత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను చూశాను. చూడనట్టు కూర్చున్నాను.

ఆరో నిమిషంలో తెర నల్లబడింది.

మళ్లీ మొదలుపెట్టారు. పదో నిమిషంలో పోయింది. మళ్లీ. మూడు గంటలలోపు ఐదుసార్లు పోయింది. సమీరా వెంట తెచ్చిన చిన్న యూపీఎస్ పెట్టి చూసింది. అది రెండుసార్లు కూతపెట్టి ఆగిపోయింది.

"కార్డు తాగే కరెంటు దీంతో కాదు" అంది. "కార్డు మంచిదే. మా షాపులో రెండ్రోజులు ఆపకుండా నడిపినా. మీ ఇంట్లోనే ఏందో ఉండాది అంకుల్."

మీ ఇంట్లో అనేసరికి నాకు కోపం వచ్చింది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో నేను తాకని మోటారు లేదు. నా ఇంటి కరెంటుకు వంక పెడుతోంది, నిన్నమొన్న పుట్టిన పిల్ల. "నువ్వు పోయి షాపు చూస్కో తల్లీ, నేను చూస్తా" అన్నాను. పోయింది. పోతూ జీవిత భుజం మీద చెయ్యి వేసి నొక్కింది.

అటక మీంచి నా స్టెబిలైజరు దించాను. నా చేత్తో చుట్టింది. కరెంటు తగ్గితే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. దాని మీద పదకొండేళ్లు మా ఫ్రిజ్ నడిచింది. దుమ్ము తుడిచి డాక్‌కు ముందు తగిలించాను. "ఇప్పుడు నడుపు" అన్నాను జీవితతో, పని అయిపోయినవాడిలా.

రెండు నిమిషాలకు పోయింది. మళ్లీ పెడితే మూడు నిమిషాలు. అంతకుముందే నయం.

"కార్డే చెడింది. ఆ పిల్ల చెడిపోయినదాన్ని అంటగట్టింది" అన్నాను.

జీవిత తెర వైపు చూడడంలేదు. స్టెబిలైజరు వైపు చూస్తోంది. "నాయనా, నీ పెట్టె టక్కుమన్నప్పుడే పోతాండాది."

"అది దాని పని. కరెంటు మార్చేటప్పుడు టక్కుమంటాది."

"మార్చేటప్పుడు కరెంటు ఆగుతాదా?"

"రెప్పపాటు. అంతే. దానికేమయితాది?"

అన్నాను గానీ, ఆ మాట నోట్లో ఉండగానే తప్పు తెలిసింది. స్టెబిలైజరు లోపల రిలే ఒక తీగను వదిలి ఇంకో తీగను పట్టుకుంటుంది. ఆ మధ్యలో రెప్పపాటు కరెంటు ఉండదు. మోటారుకు దాంతో పనిలేదు. తిరిగే చక్రం ఆ రెప్పపాటూ తిరుగుతూనే ఉంటుంది. ముప్పై ఏళ్లు నేను చూసిందంతా తిరిగేదే. బల్ల మీద ఉన్నది తిరిగేది కాదు. ఆ రెప్పపాటు కూడా దానికి చావే.

స్టెబిలైజరు పీకేశాను.  విశ్వాసమ్మ అయితే ఒక మాట అనేది.

మీటరు బోర్డు దగ్గర వోల్టుమీటరు తగిలించి స్టూలు వేసుకుని కూర్చున్నాను. ముల్లు రెండొందల పది మీద ఉంది. కాసేపటికి నూట అరవైకి పడి లేచింది. మళ్లీ పడింది. పడినప్పుడల్లా వరండా బల్బు మసకేసింది. లోపలినుంచి జీవిత "పోయింది" అని కేకేసింది. నేను తల తిప్పి వీధిలోకి చూశాను. ఎదురింటి సున్నం గోడ మీద నీలం వెలుగు కొట్టుకుంటోంది.

దాదా ఖలందర్ వెల్డింగ్ షాపు మా ఇంటికి రెండిళ్ల అవతల. అతను ఆర్కు కొట్టినప్పుడల్లా మా కరెంటు కూలుతోంది. స్తంభం మీది మూడు కరెంటు తీగల్లో ఇద్దరిదీ ఒకటే, ఒకే ఫేజు.

మా సర్వీసు వైరును స్తంభం దగ్గర ఇంకో ఫేజుకు మారిస్తే సరిపోతుంది. ఇరవై నిమిషాల పని. కానీ స్తంభం ఎక్కాల్సింది లైన్‌మ్యాన్. మా లైన్‌మ్యాన్ ఏసుకుమార్‌కు ఫోన్ చేశాను. "శ్రీశైలం డ్యూటీలో ఉండా పెదనాయనా, సోమవారం వస్తా" అన్నాడు. సోమవారం వస్తే నాకేం లాభం లేదు.

"ఖలందర్ మామకు ఒక మాట చెప్తే గంటసేపు ఆపడా?" అంది జీవిత. "నేను పోయి అడుగుతా."

"వద్దు."

"నాయనా."

"నా గడప దాటి ఆ గడపకు ఎవరూ పోవద్దని చెప్పినా కదా."

ఖలందర్, నేను ఇరవై రెండేళ్లు కలిసి పనిచేశాం. మోటారు నాది, పైపులూ ఇనుమూ అతనివి. ఒకే బండి మీద పోయేవాళ్లం. మూడేళ్ల కింద మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం విశ్వాసమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. నేను పొలాల మీద ఉన్నాను. వీధిలో బండి ఉన్నది ఖలందర్ ఒక్కడికే. విశ్వాసమ్మ అతనికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. నేను వచ్చి, ఆటో పట్టి, కర్నూలుకు బయల్దేరితే నన్నూరు దగ్గర ప్రాణం పోయింది. ఆమె ఫోన్‌లో ఆ నాలుగు కాల్సూ చూశాను. సమాధులకాడ అతను నా దగ్గరికి వస్తే ముఖం తిప్పుకున్నాను. అప్పటినుంచి మాటల్లేవు. రెండిళ్ల దూరంలో మూడేళ్లు మాటల్లేకుండా ఉండడం కష్టమని అందరూ అన్నారు. నాకు కష్టం కాలేదు.

జీవిత కేబుల్ చుట్టిపెట్టింది. "మూడేండ్లు నీ మాట విన్నా. ఆదివారం నేను కడపకు పోతా. ఆ మాట నీకు తోడుంటాది, పెట్టుకో" అంది. అని వంటింట్లోకి పోయింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకు చొక్కా వేసుకుని బయల్దేరాను. ఎక్కడికని జీవిత అడగలేదు.

ఖలందర్ నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని ట్రాక్టరు ట్రాలీ కొండికి వెల్డింగ్ పెడుతున్నాడు. ట్రాలీ మా ఊరి రైతు పెద్దన్నది. పెద్దన్న పక్కనే పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఖలందరూ, అద్దం తియ్యప్పా. ఈ పొద్దు వాన పడేట్టుండాది. ఎవరొచ్చినారో సూడు."

ఖలందర్ అద్దం దించాడు. గడ్డం అంతా తెల్లబడింది. మూడేళ్లుగా దూరంనుంచి చూస్తున్నాను గానీ అంత తెల్లబడిందని తెలియలేదు.

"పదిన్నర నుంచి గంటసేపు ఆపాల" అన్నాను.

"ఏమి?"

"బిడ్డకు పరీక్ష. నువ్వు ఆర్కు కొడితే మా ఇంట్లో మిషన్ పడిపోతాండాది."

"జీవితకా?"

"నాకు ఇంగో బిడ్డ ఉండాదా?"

"బాగుండాది యవ్వారం" అన్నాడు పెద్దన్న. "నా ఎరువు తోలేదెప్పుడు? మనుషుల్ని పిల్చి పెట్టినా."

"కూకో పెద్దన్నా. నీ ఎరువు యాడికీ పరుగెత్తదు." ఖలందర్ చేతి తొడుగులు తీశాడు. "ఆపుతాలే, పో" అన్నాడు నాతో.

నేను కదల్లేదు. అతను నా ముఖం చూశాడు.

"మాట సాలదా?"

"సాలదు."

పెద్దన్న "అల్లా, ఏసయ్యా ఇద్దరూ చూస్తాండారు, తన్నుకోవద్దండప్పా" అన్నాడు. 

ఖలందర్ గోడ దగ్గరికి పోయి మెయిన్ దించి, తెల్ల పింగాణీ ఫ్యూజులు రెండూ పీకి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. మా పనిలో అది ఒక పద్ధతి. బోరు మీదికి పోయినా, స్తంభం కింద పనిచేసినా, ఎవరి ప్రాణం ముప్పులో ఉంటే ఫ్యూజులు వాళ్ల జేబులో ఉండాలి. ఇంకొకడు ఆపాను అని చెబితే చాలదు. జేబులో పెట్టుకున్నవాడే మళ్లీ తన చేత్తో పెట్టాలి. ఇరవై రెండేళ్లు మేమిద్దరం అట్లాగే బతికాం. ఈసారి తీసింది అతను, జేబులో పెట్టుకున్నది నేను. అంటే మళ్లీ పెట్టాల్సింది నేను. అతనికీ తెలుసు.

తిరిగేటప్పుడు చూశాను. అతని వెల్డింగ్ బల్లకు ఎదురుగా, సరిగ్గా కంటి ఎత్తులో, ఇనుప కొక్కేనికి ఫోన్ వేలాడుతోంది. అప్పుడే ఎవరో చేసినట్టున్నారు. మోగడంతోపాటు దాని వెనక లైటు టపటపా కొట్టుకుంది.

"లైటు పెట్టించినాడు దానికి" అన్నాడు పెద్దన్న. "గ్రైండరు రొదలో ఇనపడదని. శానా దినాలాయ."

నేను వచ్చేశాను.

పదిన్నరకు కాల్ మొదలైంది. కంపెనీవాళ్లు ఇద్దరు, ఒక ఆడామె, ఒక మగమనిషి. జీవిత తలుపు దగ్గరగా వేసుకుంది. నేను వరండాలో వోల్టుమీటరు ముందు కూర్చున్నాను. రెండొందల పన్నెండు. లోపల ఇంగ్లీషు. మాటలు నాకు అర్థం కావు. గొంతు అర్థమవుతుంది. మొదట వణికింది. తర్వాత సర్దుకుంది. తర్వాత ఆమె వాళ్లకు ఏదో నేర్పిస్తున్నట్టు మాట్లాడింది. కార్డు ఫ్యాన్లు హోరుమంటున్నాయి. మంచి మోటారు చప్పుడులాగే ఉంది ఆ హోరు.

పదిన్నర దాటి పావుగంటకు ముల్లు పడింది. నూట ఎనభై. వణికింది.

నా చెయ్యి జేబు మీదికి పోయింది. ఫ్యూజులు ఉన్నాయి. అయినా ఏం? ఫ్యూజు లేకపోతే తీగ ముక్క గుచ్చి నడిపేవాళ్లను ఎంతమందిని చూడలేదు నేను! పెద్దన్న తొందరపెట్టి ఉంటాడు, వీడు తీగ పెట్టి ఉంటాడు. చెప్పులు లేకుండానే ఉరికాను. మనిషిని నమ్మినందుకు నన్ను నేను తిట్టుకుంటూ ఉరికాను.

షాపులో ఆర్కు లేదు. పెద్దన్న టైరు మీద కూర్చుని పల్లీలు వలుచుకుంటున్నాడు. ఖలందర్ లేడు.

"యాడికి పోయినాడు?"

పెద్దన్న వీధి మలుపు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ సైదమ్మ ఫిల్టరు నీళ్ల ప్లాంటు ఉంది. ఖలందర్ దాని తలుపులో నిలబడి ఉన్నాడు. సైదమ్మ అరుపులు ఇక్కడికి వినపడుతున్నాయి.

"క్యాన్లు పట్టుకోని జనాలు నిలబడినారు! నా మోటారు ఆపనీకి నువ్వెవరప్పా?"

"ముప్పావుగంట సైదమ్మా. పదిముప్పావుకు నువ్వు మోటారేస్తే వీధిలో బల్బులన్నీ గుడ్డివయితాయని నీకూ తెలుసు. జ్ఞానరాజు బిడ్డకు పరీక్ష."

"బిడ్డ పరీక్షకూ నీళ్లకూ ఏం సంబంధం?"

"ఉండాదిలే. నీకు గేటు రిపేరు ఊరకనే చేస్తా, పో."

"ఊరకనే చేస్తావా? ఇందరు సాక్షులుండారు!" సైదమ్మ గొంతు తగ్గింది.

ఖలందర్ నన్ను చూశాడు. "నేనొచ్చే లోపలే ఏసేసింది. ఆపించినా. పడిపోయిందా?"

"తెల్దు."

"పోయి చూడప్పా, నన్నేం చూస్తావు!"

వెనక్కి ఉరికాను. నీళ్ల ప్లాంటు నాకు తట్టలేదు. ముప్పై ఏళ్లు మోటార్లతో బతికినవాణ్ని, వీధి మలుపులో రోజూ పదిముప్పావుకు మోటారు మొదలవుతుందని నాకు తట్టలేదు. అతనికి తట్టింది.

తలుపు సందులోంచి చూశాను. తెర వెలుగుతోంది. మూలన అంకె అరవై ఎనిమిది. బండి గుట్ట దిగుతోంది, వెనక దుమ్ము లేస్తోంది. జీవిత ఏదో చెబుతూ నవ్వుతోంది. నూట ఎనభై దాకా తట్టుకుంది ఆ ఇనుప డబ్బా. సమీరాను మనసులోనే మెచ్చుకున్నాను.

వరండాలో స్టూలు మీద కూర్చున్నాను. రాయి గుచ్చుకుని అరికాలు నుంచి రక్తం కారుతోంది. అది అప్పుడే చూశాను.

పదకొండు దాటి ఇరవై నిమిషాలకు ఫ్యాన్ల హోరు తగ్గింది. జీవిత బయటికి వచ్చి తలుపుకు ఆనుకుంది.

"ఏమన్నారు?"

"ఒకటో తేదీ నుంచి రమ్మన్నారు."

"యాడికి?"

"యాడికీ కాదు నాయనా. ఈ రూములోకే."

అని ఒక కేక పెట్టింది. ఎదురింటి మేక తాడు తెంపుకున్నంత పని చేసింది.   ఆమె కూర్చుని నా కాలు తుడిచి గుడ్డ కట్టింది. "చెప్పుల్లేకుండా యాడికి పోయినావు?" అంది. "ఊరకనే" అన్నాను.

ఏసేపుకు ఫోన్ చేశాను. "పిల్ల రాదు" అన్నాను.

"అదేంది బావా, నా మాట పోతాది ఈడ. ఆటలకు ఎవరన్నా జీతమిస్తారా?"

"ఇస్తారంట."

"ఎన్ని దినాలిస్తారు?"

"నువ్వు వార్డెన్ పనికి పో, ఏసేపూ" అని పెట్టేశాను. జీవిత లోపలినుంచి నవ్వింది.

అన్నం తిన్నాను. రెండోసారి పెట్టించుకుని తిన్నాను. మంచం మీద వాలాను. మధ్యాహ్నం పడుకునే అలవాటు నాకు లేదు. ఆ రోజు కన్ను అట్లా మూతపడింది.

వీధిలో అరుపుకు లేచాను. రెండున్నర అయింది.

"ఓ జ్ఞానరాజప్పా! ఫ్యూజులు మింగి పండుకున్నావా?" పెద్దన్న గేటు పట్టుకుని ఊపుతున్నాడు. "గంటన్నావు. నమాజుకు పోయొచ్చినాడు, అన్నం తిన్నాడు, మళ్లా కూకున్నాడు. తీగ ముక్క పెట్టి నడపరా సామీ అంటే, పెట్టడంట. జ్ఞానరాజొచ్చి పెట్టాల అంటాడు. పోయి లేపుతా అంటే, నిద్రపోనీ అంటాడు. నా ఎరువు ఈ ఏడు పొలానికి చేరదింక."

జేబులో చెయ్యి పెట్టాను. ఫ్యూజులు నా ఒంటి వేడికి వెచ్చగా ఉన్నాయి.

ఖలందర్ టైరు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు. నేను గోడ దగ్గరికి పోయి రెండు ఫ్యూజులూ పెట్టి, మెయిన్ ఎత్తాను. ఫ్యాను తిరిగింది.

"జీవితకు వచ్చింది" అన్నాను.

"కేక ఇనపడింది."

"సోమవారం ఏసుకుమార్ వస్తాడు. మా వైరు ఇంకో ఫేజుకు మార్పిస్తా. ఇంగ నీకు అడ్డముండదు."

"నిచ్చెన నా దగ్గరుండాది. తెస్తా."

పోబోయి ఆగాను. మూడేళ్లు మనసులో ఎన్నిసార్లో అన్న మాట అతని ముఖాన ఒక్కసారీ అనలేదు.

"ఆ పొద్దు నువ్వు ఫోన్ ఎత్తలేదు."

గ్రైండరు రొద అంటాడనుకున్నాను. నల్లద్దం అంటాడనుకున్నాను. అంటే తిరిగి అనడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. మూడేళ్లుగా సిద్ధంగా ఉన్నాయి.

"ఎత్తలేదప్పా" అన్నాడు ఖలందర్.

ఇంకేమీ అనలేదు. నా మాటలతో నాకు పనిలేకపోయింది.  నేను ఇంటికి వచ్చేశాను.

క్షమించావా అని జీవిత సాయంత్రం అడిగింది. లేదన్నాను. నిజమే చెప్పాను. కానీ వీధిలో నడిచి వస్తూంటే, చాలాసేపు పెద్ద మోటారు మోసి దించాక భుజానికి ఎట్లా ఉంటుందో అట్లా ఉండింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

జీవిత డాక్ విప్పేసి, సమీరా తెచ్చిన అట్టపెట్టెలో సర్దింది. చిన్న మిషన్ నా చేతుల్లో పెట్టి, "ఒక్కసారి ఆడి చూడు నాయనా" అంది.

"పెద్ద ఇంజను లేకుండా నడుస్తాదా?"

"నెమ్మదిగా నడుస్తాది. నీకు సాలు."

ఏ బొత్తాం ఏమిటో చెప్పింది. బండి కదిలింది. ఆగి ఆగి పోతోంది, అంకె పంతొమ్మిది. గుట్ట పక్కనుంచి మలుపు తిరిగాను. ఆ గుట్ట నాకు తెలుసు. రెండు రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి, వాటి కింద ఎన్నోసార్లు అన్నం తిన్నాను. గుంతలు గుంతల్లాగే ఉన్నాయి. రెండుసార్లు పడ్డాను. మూడోసారి ఊరి దాకా పోయాను. ఆపి, నాలుగు వైపులా తిప్పి చూశాను.

"ఎట్లుండాది?" అంది. పరీక్షలో కంటే ఎక్కువ భయపడుతున్నట్టు కనిపించింది.

"కరెంటు స్తంభాలేవి?"

"ఆ?"

"ఊరంతా చేసినావు. ఇండ్లు చేసినావు, గొర్రెలు చేసినావు. ఒక్క స్తంభం లేదు, ఒక్క తీగ లేదు. ఈ ఇండ్లకు కరెంటు యాడనుంచి వస్తాది?"

 జీవిత నోటుబుక్కు తీసి, నా పక్కన మంచం మీద కూర్చుంది.

"యాడ పెట్టాలో చెప్పు" అంది.

చెప్పాను. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో స్తంభం చెప్పాను. చీకటి పడేదాకా చెప్పాను.